సర్ జోసెఫ్ విట్వర్తు చరిత్రము

విశ్వకర్మ తన కూతురగు సంజ్ఞాదేవి కొఱకై సూర్యుని తరిమెనపై నుంచి, ఆయన తేజస్సులో అష్టమాంశమును చెక్కివేసి, ఆ తేజశ్శకలములతో విష్ణుచక్రమును, శివుని త్రిశూలమును నిర్మించెనని పురాణములు చెప్పుచున్నవి. ఈ గాథయందు జనులు సామాన్యముగా ఉలి మహిమనే గ్రహింతురు. తరిమెనపై పనిచేయువాడు మఱియొకదానిని గూడ గ్రహించును. ఎంతటి సూర్యుడైనను కదలక, కేంద్రము తప్పక నిలిచినప్పుడే చెక్కుటకు వీలగును. పట్టు సరిలేనిచో పనివాని నేర్పంతయు వ్యర్థము.

నేటి తరిమెన లేతు. పాత లేతులయందు పనిముక్కను పట్టునది చక్కు. ఆ చక్కు స్పిండిలు కొనకు మరచుట్లతో బిగియును. ఆ మరకు లోకమునందొక మర్యాద నేర్పఱచిన మహాపురుషుడు సర్ జోసెఫ్ విట్వర్తు. ఆయన పరదేశస్థుడు, మన కులమున జన్మించినవాడు కాడు. అయినను శిల్పవిద్యకు దేశకులభేదములు లేవు గావున ఈ మహాసభా సంచికయందు ఆయన చరిత్రమును సోదరులకు నివేదించుచున్నాను.

విట్వర్తు 1803వ సంవత్సరము డిశెంబరు 21వ తేదీన ఇంగ్లండునందలి స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెసు బడిపంతులు. పిమ్మట క్రైస్తవ మతాచార్యుడయ్యెను. బాల్యమందే తల్లి గతించెను. పదునాలుగవ యేట బంధువుల నూలుమిల్లులో పని నేర్చుటకు బాలుని ఉంచిరి. అతడు వ్యాపారస్థుడు కావలెనని పెద్దల సంకల్పము. బాలుని మనస్సు మాత్రము యంత్రములయందే లగ్నమైయుండెను. కొన్ని యేండ్లకు అతడు మిల్లును విడిచి, మాంచెస్టరు చేరి, యంత్రశాలలో సామాన్యపు పనివాడుగా కుదిరెను.

1825లో విట్వర్తు లండనునకు పోయి హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో ప్రవేశించెను. మాడ్‌స్లే ఆ కాలమున యంత్రశిల్పులకెల్ల గురుస్థానమున నుండెను. ఉలిని చేతితో పట్టుటకు బదులు స్లైడ్‌రెస్టుపై బిగించి నడుపు పద్ధతికి లోహపు లేతునందు స్థిరత్వము కల్పించినవారిలో ఆయన ముఖ్యుడు. శిష్యుడక్కడ చూచినది, జీవితాంతము విడువనిది ఒక్కటే: సమతలము సరిగా నున్నగాని తక్కిన దేదియు సరికానేరదు.

అంతకుముందు పనివారు రెండు పలకలను ఎమరీ పొడితో ఒండొంటిపై రుద్ది చదును చేయుచుండిరి. రెండే పలకలైనచో ఒకటి ఉబ్బుగను రెండవది గుంటగను మాఱి, ఒకదానితో నొకటి చక్కగా పొందియుండవచ్చును. అట్లైనను రెండును వంకరయే. అందుచే విట్వర్తు మూడు పలకలను గైకొని, రంగు పూసి, ప్రతిదానిని తక్కిన రెంటితో సరిచూచి, రంగంటిన మిట్టలను గీకుడు ఉలితో గీకివేయు పద్ధతిని పరిపూర్ణము గావించెను. మూడును పరస్పరము పొందినప్పుడు అవి నిజమైన సమతలములు కాక తప్పదు. ఈ పద్ధతిని 1840లో గ్లాస్గోనగరమున విద్వాంసుల సభలో ఆయన వివరించెను. ఇద్దఱు సాక్షులు కూడబలుకుకొనవచ్చును గాని మూడవవాని యెదుట ఆ మాట నిలువదని మన పల్లెపెద్దలకును తెలియును గదా!

1833లో ఆయన మాంచెస్టరునకు మఱలివచ్చి చిన్నగదిని అద్దెకు పుచ్చుకొని, యంత్రోపకరణముల నిర్మాణము నారంభించెను. ఆ దినములలో ప్రతి కార్ఖానాకు తన మర వేఱు. ఒకచోటి బోల్టునకు మఱియొకచోటి నట్టు పట్టదు. యంత్రమందొక మర చెడినచో దానిని చేసిన కార్ఖానానే వెదకికొని పోవలెను. విట్వర్తు అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి, వాని సగటును గ్రహించి, 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థ యెదుట ఏకరూపమగు మరల పట్టికను ప్రతిపాదించెను. మరపంటి కోణము 55 డిగ్రీలు. పావు అంగుళపు బోల్టునకు అంగుళమునకు 20 చుట్లు; అర అంగుళమునకు 12; అంగుళపు బోల్టునకు 8. ఇందెవ్వరి మరయు సంపూర్ణముగా గెలువలేదు, ఎవ్వరి మరయు సంపూర్ణముగా ఓడలేదు. కావుననే అందఱును అంగీకరించిరి. ఇరువది యేండ్లు తిరుగకమునుపే అది బ్రిటను దేశమున సర్వసాధారణమయ్యెను.

మన జిల్లా పనివారికి ఆ పూర్వపు చిక్కు అపరిచితము కాదు. పాత లేతును కొనినవాడు క్రొత్త చక్కును తెచ్చును. అది స్పిండిలునకు పట్టదు. నడుమ బ్యాక్ ప్లేటు గాని, మర మార్చు అడాప్టరు గాని కావలసివచ్చును. ఒకటిన్నర అంగుళముల స్పిండిళ్లు రెండింటికిని అంగుళమునకు 8 చుట్లే యుండవచ్చును. కాని ఒకదాని కోణము విట్వర్తుదగు 55 డిగ్రీలు, రెండవదానిది 1864లో అమెరికాయందు విలియం సెల్లర్సు ప్రతిపాదించిన 60 డిగ్రీలు కావచ్చును. కంటికి రెండు నొక్కటియే. బిగించినచో పట్టు దొంగపట్టు. మఱియు మర చక్కును బిగించునే కాని కేంద్రమున నిలుపదు. నిలుపునవి మర సమీపముననున్న నునుపైన గుండ్రని భాగమును, దాని వెనుకటి మెట్టును. కావున తెలిసినవాడు బ్యాక్ ప్లేటును ముందుగా తన స్పిండిలునకే బిగించి, దాని ముఖమును ఆ లేతుమీదనే చెక్కి, పిమ్మట చక్కును దానికి బోల్టులతో అమర్చును. అడాప్టరు మీద అడాప్టరు చేర్చినచో పనిముక్క ముందునకు సాగి అదరును. ఈ వివేకమంతయు కొలతతోనే ప్రారంభమగును.

కొలత విషయమున విట్వర్తునకు సాటి లేదు. అంగుళములో పదిలక్షల వంతు భేదమును పట్టగల యంత్రమును నిర్మించి 1851 నాటి లండను మహాప్రదర్శనమున చూపెను. క్రిమియా యుద్ధకాలమున చిన్న యుద్ధనౌకలకు సుమారు 90 జతల ఇంజనులు త్వరితముగా కావలసిరాగా, భాగములను వేర్వేఱు కార్ఖానాలలో చేయించి ఒకచోట కూర్చిరి. మర యొక్కటియే యగుటచే అది సాధ్యమయ్యెను. విట్వర్తు షట్కోణపు గొట్టముగల తుపాకిని గూడ నిర్మించెను. గుఱి మిక్కిలి గొప్పదైనను బ్రిటిషు సైన్యము దానిని స్వీకరింపలేదు. అమెరికా అంతర్యుద్ధమున దక్షిణపక్షమువారు వాడిరి. నేర్పు నిర్మాణమునకును సంహారమునకును సమానముగా ఉపకరించుననుట విశ్వకర్మ చెక్కిన ఆయుధములనుండి మనకు తెలిసినదే.

ఆయన జీవితమున నాకు మిక్కిలి పూజ్యముగా తోచునది వేఱొకటి. 1868లో ఏటేట 100 పౌనుల చొప్పున 30 విద్యార్థివేతనములకు ఆయన నిధి నేర్పాటు చేసెను. చేతిపని తెలిసిన యువకుడు శాస్త్రమును, శాస్త్రము తెలిసినవాడు చేతిపనిని నేర్వవలెనని ఆయన ఆశయము. ఆ వేతనములు నేటికిని నడుచుచున్నవి. 1869లో ఆయనకు బారొనెట్ బిరుదము లభించెను. 1874లో కార్ఖానాను కంపెనీగా మార్చినప్పుడు పనివారికిని వాటాలు పొందు అవకాశము కల్పించెను. సంతానము లేకయే 1887 జనవరి 22న మాంటికార్లోలో స్వర్గస్థుడయ్యెను. ఆయన ధనము మాంచెస్టరు ప్రాంతమున విద్యకును కళలకును వినియోగమయ్యెను.

మన దేశమున 1956 నాటి చట్టముచే మెట్రిక్ కొలతలు వచ్చినవి. బోల్టుల మరలును క్రమముగా మాఱినవి. అయినను ఇనుపగొట్టపు మర మాత్రము మాఱలేదు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు ఈ అనంతపురపు మెట్టసీమలో, బోరుబావిలోనికి దింపు జీ.ఐ. గొట్టముల కొనలందు నేటికిని విట్వర్తు నిర్ణయించిన 55 డిగ్రీల కోణమే యున్నది. వేరుసెనగ పైరు వాడిపోవుచుండగా మోటారు షాఫ్టు అరిగినచో, రైతు పరుగెత్తివచ్చునది మన లేతు షాపునకే. అక్కడ చక్కు నిజముగా తిరిగినచో నీరు పైకి వచ్చును. వంకరగా తిరిగినచో పైరు పోవును.

మన పెద్దలు చేతిలోని కొలతను చేతిలోనే దాచుకొనిరి. తండ్రి గతించినపుడు కొడుకు నేర్వని రహస్యము తండ్రితోనే పోయెను. విట్వర్తు తన కొలతను పట్టికగా వ్రాసి లోకమున కిచ్చెను. అందుచే అది ఆయనతో మరణింపలేదు. ఈ సభకు విచ్చేసిన వృద్ధశిల్పులు తమకు తెలిసినదానిని వ్రాయించియైన ఇత్తురు గాక! పోషకమహాశయులు ఐ.టి.ఐ.లలోను పాలిటెక్నిక్‌లలోను చదువు మన బాలబాలికలకు ఒక్కొక్క విద్యార్థివేతనమైన నెలకొల్పుదురు గాక! కొలత నిజమగు గాక! పట్టు నిలుచు గాక!

శుభమస్తు.