దోమ వయసును పట్టించుకున్న డాక్టర్ రోనాల్డ్ రాస్

దోమ అనగానే మన కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు వరిలో సుడిదోమ గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది మనుషులను కుట్టే దోమ సంగతి. వ్యవసాయ శాఖకు దానితో పనేమిటని కొందరు అడుగుతారు. అది పెరిగేది మన వరి మడిలోనే కదా!

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కొడుకు మనసంతా కవిత్వం, సంగీతం, లెక్కల మీద. తండ్రి పట్టుదల వల్ల వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే డాక్టరు ఆయనకు రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూపించాడు. దీన్ని దోమ మోస్తుండవచ్చన్నది మ్యాన్సన్ ఊహ. అయితే రక్తం తాగిన దోమ కొద్దిరోజులకే నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన అనుకున్నాడు. దోమ ఆయుష్షును అంత తక్కువగా లెక్కగట్టడమే ఇందులో పొరపాటు.

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చి దోమలను కోసి చూడటం మొదలుపెట్టాడు. మధ్యలో వేరేచోట్ల ఉద్యోగం. రెండేళ్లు ఫలితం లేదు. పట్టినవన్నీ మలేరియా మోయని జాతులు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. దోమలు ఎగిరిపోతాయని పంకా ఊపనివ్వలేదు. ఆ ఉక్కలో చెమట కారి సూక్ష్మదర్శిని మరలకు తుప్పు పట్టింది. ఆగస్టు 20న, అంటే కుట్టిన నాలుగో రోజు, ఒక దోమ కడుపు గోడలో నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. ఒక్క రోజు తేడా! దోమ వయసుతోపాటు క్రిమి కూడా లోపల పెరుగుతోందని తేలింది.

కొద్ది రోజులకే బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని చూపాడు. జబ్బు తాగే నీటితో కాదు, కాటుతో వస్తుంది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో లండన్‌లో చనిపోయాడు.

ఆయన తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. దోమ రక్తంలో కూడా సూక్ష్మజీవులను మింగే కణాలుంటాయి. కొన్నిటి చుట్టూ నల్లని పొర కట్టి చంపుతాయి. వయసు మీరేకొద్దీ ఈ కణాలు తగ్గిపోతాయి, ముసలి దోమ రోగాలకు త్వరగా లొంగుతుంది. కానీ మనకు ప్రమాదం ఆ ముసలి దోమతోనే. మన వేడిలో మలేరియా క్రిమి దోమలో పక్వానికి రావడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటిదాకా బతికిన దోమే జబ్బు అంటిస్తుంది. రోగి దోమతెరలో పడుకోవాలనేది అందుకే, కొత్త దోమకు క్రిమి అందకూడదు.

ఇక మడి సంగతి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు నీరు నిలిచి ఉండాలి. నాటిన రెండు వారాల తర్వాత, వారానికోసారి నీరు పూర్తిగా ఇంకనిచ్చి, సన్న పగుళ్లు కనిపించగానే మళ్లీ పెట్టండి. గుంటల్లో నీరు మిగిలితే పురుగు చావదు. సుడిదోమ ఉధృతి కూడా తగ్గుతుంది, బోరు కింద రైతుకు కరెంటు, నీరు మిగులుతాయి. పోచారం కాలువ కింద నీరు వంతుల వారీగా వస్తుంది కాబట్టి పక్క మళ్లవాళ్లతో కలిసి చేసుకోవాలి. పశువుల గోలేలను వారానికోసారి వంచి ఎండబెట్టండి. చిరుపొట్ట దశ నుంచి గింజ పాలు పోసుకునేవరకు మాత్రం మడి ఆరనివ్వకండి, పలుచగా నీరుంచండి.