చిత్రకారుడు దామెర్ల రామారావు

రాజమహేంద్రవరము నన్నయ కాలమునుండియు ఆంధ్ర కవిత్వమునకు పుట్టినిల్లు. ఇరువదియవ శతాబ్ది తొలి దశకములలో ఆ నగరము చిత్రకళకును పుట్టినిల్లయ్యెను. అందుకు ముఖ్య కారకులు ఇరువురు: ఒకరు ఆంగ్లేయుడైన గురువు, మరియొకరు ఆంధ్రుడైన శిష్యుడు.

దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యమునుండియు అతనికి చిత్రరచనయందే మక్కువ. ఆ కాలపు గృహస్థులకు బి.ఏ. పట్టమును సర్కారు కొలువును యోగ్యతకు గుర్తులు. బొమ్మలు గీయుట తీరికవేళల వినోదమే కాని, ఒక జీవితమును ధారపోయదగిన విద్య యని వారు తలపరైరి.

ఇట్టి సమయమున, 1909లో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దృష్టి ఆ బాలునిపై పడెను. కూల్డ్రే ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. స్వయముగా కవి, చిత్రకారుడు. అతడు జన్మించిన విక్టోరియా యుగపు ఇంగ్లండులో కవిత్వమును చిత్రలేఖనమును తోబుట్టువులవలె మెలగినవి. రోసెట్టి ఒక్కడే కవియు చిత్రకారుడును అయ్యెను; టెన్నిసన్ కావ్యములనుండి పలువురు చిత్రకారులు తమ చిత్రములకు వస్తువును గ్రహించిరి. అట్టి వాతావరణమున పెరిగిన గురువు చెంత అడివి బాపిరాజు కవియు చిత్రకారుడును అయ్యెను. కవికొండల వెంకటరావు కవియయ్యెను. రామారావు కుంచెనే నమ్ముకొనెను.

అయినను కూల్డ్రే తన దేశపు చిత్రములను అనుకరింపుడని శిష్యులను నిర్బంధింపలేదు. వారిని అజంతాకు కొనిపోయి, గుహల గోడలపై నిలిచియున్న ప్రాచీన చిత్రసంపదను చూపించెను. పరదేశపు గురువు చేయి పట్టుకొని శిష్యుడు స్వదేశమును గుర్తించెను.

ఆ గురువు ప్రోత్సాహముననే రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరెను. అచటి శిక్షణ ఆంగ్ల పద్ధతిలో సాగునది. మానవ శరీర నిర్మాణమును, వెలుగునీడలను ఉన్నవి ఉన్నట్లు చిత్రించుట దానికి ప్రధానము. మరియొకవైపు వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు శిష్యులు భావప్రధానమైన నూతన మార్గమును తొక్కుచుండిరి. ఒకదానిని పట్టినచో రెండవది విడువవలసినదే యని పలువురు తలచిన దినములవి. రామారావు రెంటిలో దేనికిని దాసుడు కాలేదు. బొంబాయి నేర్పిన దేహజ్ఞానమును అజంతా నేర్పిన రేఖాలాలిత్యముతో మేళవించి, ఆంధ్రదేశపు స్త్రీలను, గోదావరిని, తూర్పు కనుమలను, పురాణగాథలను నీటిరంగులలో చిత్రించెను.

1920లో చదువు ముగిసెను. అంతకు ముందే, 1919లో, కూల్డ్రే ఆంధ్రదేశమును వీడి స్వదేశము చేరియుండెను. ఇక శిష్యుడు తన కాళ్లపై తాను నిలువవలెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున అతని 'ఋష్యశృంగ బంధనము' రాజప్రతినిధి బహుమానమును పొందెను. స్త్రీ నెరుగని మునికుమారుడు లోకమునకు వశుడగు ఘట్టము దాని వస్తువు. 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనమున సైతము అతని చిత్రములు నిలిచెను.

కీర్తి వచ్చినను అతడు బొంబాయి, కలకత్తాల నాశ్రయింపలేదు. రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు విద్య గరపెను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టిరి. తాను గురువువలన పొందినదానిని పదిమందికి పంచుటయే అతని సంకల్పము.

విధి అనుకూలింపలేదు. మశూచి సోకి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూసెను. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక్క నెల మిగిలియుండెను. గురువు కూల్డ్రే 1958 వరకు జీవించెను. శిష్యుడు లేని లోకమున ముప్పదిమూడేండ్లు గడపెను.

కాగితముపై నీటిరంగు సుకుమారమైనది. ఎండకు వెలయును, తేమకు చెడును. రక్షించువారు లేకున్నచో ఆ చిత్రములు కర్తవలెనే అల్పాయువు లయ్యెడివి. మిత్రుడు వరదా వెంకటరత్నము మొదలగువారు పాఠశాలను నిలిపి, చిత్రములను కాపాడిరి. రామారావు పేర వెలసిన చిత్రశాల వారి దీక్షాఫలమే.

రాజమహేంద్రవరమునకు పోవు విద్యార్థులు గోదావరి రేవులతోపాటు ఆ చిన్న చిత్రశాలను కూడ దర్శింపవలెను. వారిని వెంటగొనిపోవు ఉపాధ్యాయులు, నోటుపుస్తకముల అంచులలో బొమ్మలు గీయు పిల్లవానిని దండించుటకు ముందు, కూల్డ్రేను ఒక్కసారి తలచుకొందురు గాక!