విహంగ వీక్షకుడు సలీం అలీ

ఇంటి చూరుకు వరికంకుల కుచ్చు వేలాడగట్టి పిచ్చుకలను పిలిచే ఆచారం తెలుగుపల్లెలలో చిరకాలంగా ఉంది. అయినా మన కావ్యాలలో పిచ్చుకకు దక్కిన చోటు స్వల్పం. ప్రబంధకవుల చూపు హంస మీద, చకోరం మీద, చక్రవాకం మీద నిలిచింది. వెన్నెల త్రాగే చకోరాన్ని కంటితో చూసినవారు లేరు; వసారాలో నూకలేరుకొనే పిచ్చుకను చూడనివారు లేరు. నిత్యమూ కళ్లముందు తిరిగే ప్రాణి కావడంవల్లనే కాబోలు, దానిని పరికించి చూడాలన్న ఆలోచన ఎవరికీ కలుగలేదు. అలా పరికించి చూసిన ఒక బాలుడు కాలాంతరంలో భారతీయ పక్షిశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. ఆయనే సలీం అలీ.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. సంతానంలో అందరికంటె చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని కోల్పోయిన ఆ పసివానిని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదాబేగం తమ బిడ్డగా పెంచారు. ఖేత్‌వాడీలోని ఆ ఇల్లు బంధువుల పిల్లలతో కళకళలాడుతూ ఉండేది. మేనమామ వేటలో ఆరితేరినవాడు. అందుచేత ఆ ఇంటి బాలురకు తుపాకి వింతవస్తువు కాదు. సలీంకు కూడా చిన్న గాలితుపాకి లభించింది. దానితో ఇంటి చుట్టుపట్ల పిచ్చుకలను కొట్టడం అతని తొలి వినోదం.

అతనికి పదేళ్ల ప్రాయంలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. ఆ ఇంటి గుర్రపుశాల గోడలో ఒక రంధ్రం ఉండేది. అందులో ఆడపిచ్చుక గుడ్లు పొదుగుతూ ఉంటే, మగపిచ్చుక బయట ఒక మేకు మీద కూర్చుని కావలి కాసేది. సలీం బండి చాటున నక్కి ఆ మగపిచ్చుకను కొట్టాడు. కొద్దిసేపటికే ఆ ఆడపిచ్చుకకు మరొక మగపక్షి తోడయింది. అదికూడా అదే మేకుమీద వాలి కావలికి నిలిచింది. దానినీ కొట్టాడు, మరొకటి వచ్చింది. ఏడు రోజులలో ఎనిమిది మగపిచ్చుకలు ఆ విధంగా నేలకూలాయి. ఇందులో దయకు తావు లేదు. పక్షుల రక్షణకై తరువాత అంతగా పాటుపడిన వ్యక్తి బాల్యంలో ఇలాంటి పని చేశాడని చెప్పడానికి కొందరు జీవితచరిత్రకారులు సంకోచిస్తారు. సంకోచించవలసిన అవసరం లేదు. ఆ వయసు బాలురు పిచ్చుకలను కొట్టడం విశేషం కాదు. కొట్టిన తరువాత జరిగినదానిని కాగితం మీద వ్రాసిపెట్టుకోవడం విశేషం. గూడూ ఆడపక్షీ ఉన్నచోట ఖాళీ ఏర్పడితే, దానిని భర్తీ చేయడానికి తోడులేని మగపక్షులు సమీపంలోనే వేచి ఉంటాయన్న సూచన ఆ బాల్యపు వ్రాతలో ఉంది. కొన్ని దశాబ్దాల తరువాత ఆ వ్రాత పక్షివీక్షకుల పత్రికలో అచ్చయింది.

1908లో అతని తుపాకికి మరొక పిచ్చుక పడింది. చూడడానికి ఊరపిచ్చుకవలెనే ఉన్నా దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. ఇటువంటి పక్షిని తినవచ్చునా, కూడదా అన్న సందేహంతో బాలుడు దానిని మేనమామ వద్దకు తీసుకువెళ్లాడు. ఆయనకూ అదేమిటో తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు గనుక, ఆ సంస్థ గౌరవ కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిలార్డ్‌కు పరిచయలేఖ వ్రాసి బాలుని పంపాడు. చేతిలో కాగితపు పొట్లం, అందులో చచ్చిన పిచ్చుక, గుండెలో బెదురు. ఆ స్థితిలో సలీం దొరగారి గది ముందు నిలిచాడు. మిలార్డ్ ఆదరంతో లోనికి పిలిచి, అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పాడు. బీరువాల సొరుగులు తెరచి, గడ్డి కూరి భద్రపరచిన పక్షుల వరుసలు చూపించాడు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చాడు. పక్షి చర్మాన్ని ఒలిచి నిలువచేసే పద్ధతి నేర్పే ఏర్పాటూ చేశాడు. ప్రతి పిచ్చుకా ఒకే పిచ్చుక కాదని ఆ పూట బాలునికి తెలిసింది.

చదువులో మాత్రం సలీం మెప్పు పొందలేదు. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద గట్టెక్కాడు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరినా బీజగణితం, లాగరిథమ్‌లు కొరుకుడుపడక చదువు మధ్యలోనే మానేశాడు. కుటుంబానికి బర్మాలోని తవాయ్ ప్రాంతంలో టంగ్‌స్టన్ గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. వాటిని చూసుకోవడానికి వెళ్లిన యువకుడు గనులకంటె వాటి చుట్టూ ఉన్న అడవిలోని పక్షులనే ఎక్కువగా చూశాడు. 1917లో తిరిగివచ్చి వాణిజ్య విద్యతోబాటు, సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం అభ్యసించారు. 1918లో తెహ్మినాబేగంతో వివాహం జరిగింది. మళ్లీ బర్మా, మళ్లీ వ్యాపారం. చివరకు ఆ వ్యాపారం పూర్తిగా దెబ్బతిన్నది.

విశ్వవిద్యాలయ పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం దొరకలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, సందర్శకులకు ప్రకృతి విశేషాలను వివరించే ఉపన్యాసకుని కొలువు లభించింది. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమన్ వద్ద శిష్యరికం చేశారు. పక్షిశాస్త్రంలో తన గురువు ఆయనేనని సలీం అలీ కడదాకా భావించారు. చచ్చిన పక్షుల కొలతలకంటె బ్రతికిన పక్షి నడవడికి విలువనిచ్చే దృష్టి ఆయనకు అక్కడ అలవడింది. పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వలసలను గుర్తించే విధానం హెలిగోలాండ్ దీవిలో పరిచయమైంది.

1930లో ఎంతో ఉత్సాహంతో స్వదేశం చేరేసరికి, ధనాభావం వల్ల మ్యూజియంలో ఆయన ఉద్యోగాన్నే రద్దు చేశారన్న వార్త ఎదురైంది. వయసు ముప్పైమూడు. చేతిలో విద్య ఉంది, కొలువు లేదు. బొంబాయిలో కాపురం సాగించే స్తోమత చాలక, దంపతులు సముద్రపు పాయకు ఆవల అలీబాగ్ సమీపంలోని కిహిం గ్రామానికి తరలివెళ్లారు. అక్కడ తెహ్మినా కుటుంబానికో, తమ బంధువులకో చెందిన ఇల్లు అని తేడాలెంచే పని లేదు. తలదాచుకోవడానికి చెట్ల నీడన ఒక చిన్న ఇల్లు దొరికింది. అది వానాకాలం. ఇంటికి దగ్గరలోనే ఒక చెట్టుకు గిజిగాళ్లు గూళ్లల్లుతున్నాయి.

గిజిగాడు తెలుగువారికి కొత్త పిట్ట కాదు. బావులమీదికి వంగిన తుమ్మకొమ్మలకు, ఈతమట్టలకు, తాటాకులకు అది అల్లే గూళ్లు మనకు సుపరిచితాలు. జాషువా మహాకవి దానిపై ఒక ఖండికనే వ్రాశారు. మిణుగురులను తెచ్చి గూటిలో తడిమట్టికి అంటించి దీపాలుగా పెట్టుకొంటుందని మన పెద్దలు చెప్పే ముచ్చట ఉంది. మట్టి ముద్దలు గూటిలో ఉండే మాట నిజమే. దీపాల మాట కల్పన. ఇంత ప్రసిద్ధమైన పక్షి కాపురం ఎలా సాగుతుందో మాత్రం అంతవరకూ ఎవరికీ సరిగా తెలియదు. ఒక్కొక్క చెట్టుకు సగం అల్లి విడిచిన గూళ్లు అనేకం ఎందుకుంటాయి? మగపక్షులు తమ విశ్రాంతికి కట్టుకొన్నవని పలువురు భావించేవారు.

ఉద్యోగం లేని సలీం అలీకి కావలసినంత తీరిక ఉంది. ఆయన దినాల తరబడి ఆ చెట్టువద్ద కనిపెట్టుకొని కూర్చున్నారు. ఏ గూటిని ఏ పక్షి ఎప్పుడు మొదలుపెట్టినదీ, దానిని చూడడానికి ఆడపక్షి ఎప్పుడు వచ్చినదీ వ్రాసుకొన్నారు. అల్లిక పని యావత్తూ మగపక్షిదే. ఆ ఋతువులో దాని నెత్తి పసుపురంగు పులుముకొంటుంది. పచ్చగడ్డిని, వరి ఆకును సన్నగా చీల్చి తెచ్చి, ముందు కొమ్మకు ముడివేసి, ఒక వలయం పన్ని, దానినుండి గుడ్లగది గోడలు దించుతుంది. గూడు సగమయ్యేసరికి ఆడపక్షులు గుంపుగా వస్తాయి. అవి లోపల దూరి, పీచు లాగి చూసి, నచ్చకపోతే ఎగిరిపోతాయి. నచ్చినదైతే అక్కడే నిలుస్తుంది. ఆమె ఆమోదం పొందిన తరువాతనే మగపక్షి మిగిలిన అల్లిక సాగించి పొడుగాటి గొట్టంవంటి ద్వారం పూర్తిచేస్తుంది. ఎవరికీ నచ్చని గూళ్లు అలాగే మొండిగా మిగిలిపోతాయి. చెట్టున వ్రేలాడే సగం గూళ్లలో అనేకం అటువంటివే.

ఆడపక్షి గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చోగానే మగపక్షి తన బాధ్యత తీరినట్టు, కొద్ది దూరంలో మరొక గూడు ఆరంభిస్తుంది. అది సగమయ్యేసరికి మరొక ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. ఈ రీతిగా ఒకే ఋతువులో ఒక మగపక్షి ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని కాపురాలు పెడుతుంది. ఈ సంగతిని స్పష్టంగా నిరూపించినది సలీం అలీ వ్యాసమే. 1931లో సొసైటీ పత్రికలో అది ప్రకటితమైనప్పుడు విదేశీ పండితులు సైతం ఆయన పేరు గుర్తుంచుకొన్నారు. దుర్గమారణ్యాలకు వెళ్లి సాధించిన ఖ్యాతి కాదది. పెరటి చెట్టు క్రింద, కొలువు పోయిన కాలంలో, ఓపికవల్ల చేకూరింది.

ఆ మీదట ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. స్వదేశ సంస్థానాలలో పక్షులను ఎవరూ క్రమంగా సర్వే చేయలేదు. ప్రయాణానికి, మకాముకు అయ్యే ఖర్చు భరిస్తే చాలు, జీతమక్కరలేదని సొసైటీ ద్వారా సంస్థానాలకు తెలియజేశారు. ముందుగా అంగీకరించిన వాటిలో హైదరాబాదు రాజ్యం ఒకటి. 1931–32లో ఆ సర్వే సాగింది. నేటి తెలంగాణ జిల్లాలతోబాటు మరాఠీ, కన్నడ ప్రాంతాలు కూడా అప్పటి నిజాం రాజ్యంలో ఉండేవి. తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైనవి ఆ తరువాత వచ్చాయి. ఇంగ్లండులో చదువుకొని సుఖానికి అలవాటుపడిన తెహ్మినా, ఎద్దుబండి ప్రయాణాలకూ గుడారపు వంటకూ వెనుదీయక, మకాము నిర్వహణ అంతా తన తలకెత్తుకొన్నది. భర్త వ్రాతలోని ఆంగ్లాన్ని సరిదిద్దినదీ ఆమెయే. ఈ సర్వేలలో కూడా తుపాకి మూలన పడలేదన్నది నిజం. నమూనా చేతిలో లేనిదే జాతిభేదం నిర్ణయించలేని కాలం అది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స వికటించి తెహ్మినా మరణించింది. ఆ దెబ్బనుండి తేరుకోవడానికి సలీం అలీకి చాలాకాలం పట్టింది. ఆయన మరల వివాహమాడలేదు. బొంబాయిలో సోదరి కుటుంబం ఆయనను అక్కున చేర్చుకొన్నది.

రెండేళ్లకు, అంటే 1941లో, ఆయన ఆంగ్లంలో రచించిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. అంతకుముందున్న గ్రంథాలు పండితులకోసం వ్రాసినవి, పెద్దవి, ఖరీదైనవి. ఇది రంగుబొమ్మలతో, సామాన్యుడు తోటలో నిలబడి చేతబట్టి చూసుకొనే పుస్తకం. కొత్త పక్షి పరిమాణాన్ని అంగుళాలతో సరిపెట్టక, పిచ్చుకంతదా, గోరువంకంతదా, కాకి అంతదా, గ్రద్దంతదా అన్న కొలతతో చెప్పడం ఇందులోని చక్కని యుక్తి. ఆ కొలబద్ద ప్రతివాని వాకిట్లోనూ ఉన్నదే గదా! జవహర్‌లాల్ నెహ్రూ చెరసాలనుండి తన కుమార్తె ఇందిరకు ఈ పుస్తకాన్ని పంపారు.

స్వాతంత్ర్యానంతరం ఆయనకు గౌరవాలు వరుసగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి రచించిన భారత పాకిస్తాన్ పక్షుల బృహద్గ్రంథం 1968–74 మధ్య పది సంపుటాలుగా వెలువడింది. భరత్‌పూర్ చిత్తడినేలను సాగుభూమిగా మార్చాలన్న కోరిక బలపడినప్పుడు నెహ్రూకు నచ్చజెప్పి, దానిని పక్షులకు దక్కించినవారిలో ఆయన ముఖ్యుడు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ ఏడాదే ఆత్మకథ వెలువడింది. దాని పేరు ‘ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో’. చిన్ననాడు కొట్టిన ఆ పసుపుగొంతు పిచ్చుకను ఆయన మరచిపోలేదు.

మరుసటి సంవత్సరం జనవరిలో తెలుగునేలనుండి ఒక శుభవార్త అందింది. కలివికోడి అనే పక్షిని 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం పరిసరాలలో కనిపించిన తరువాత దాని జాడ లేదు. అంతరించిపోయిందనే పక్షిశాస్త్రజ్ఞులు తలచారు. సొసైటీ పరిశోధకులు కడప జిల్లా లంకమల కొండల పాదాన, రెడ్డిపల్లె సమీపంలోని చిట్టడవిలో దానిని తిరిగి కనుగొన్నారు. రాత్రులందు మాత్రమే తిరుగాడే ఆ పిట్టను పట్టి ఇచ్చినవాడు ఆ ప్రాంతపు వేటగాడు. గ్రంథాలలో ఎనభైఆరేళ్లుగా లేని పక్షి అతని ఎరుకలో ఉంది. ఆ వార్త వినడానికి తొంభయ్యవ పడిలో సలీం అలీ జీవించి ఉన్నారు. 1987లో ఆయన బొంబాయిలో కన్నుమూశారు. కలివికోడి తిరిగే ఆ అడవిని 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.