బ్యాక్టీరియా ఎందుకు ఆగింది? జాక్ మొనో కథ

మా అమ్మాయి ఈ ఏడాది ఏపీ బయాలజీ తీసుకుంది. ఏపీ అంటే మన రాష్ట్రం అనుకునేరు! హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసు. అమెరికాలో టీనేజీ పిల్లలున్న మన ఇళ్లన్నిటికీ తెలిసిన మాటే. ఆమె నోట్సులో లాక్ ఆపరాన్ అని ఒక పేజీ కనిపించింది. ఒక బొమ్మ, అయిదారు బాణాలు. పదో తరగతితోనే బయాలజీకి దండం పెట్టి ఎంపీసీలో చేరినవాణ్ణి నేను. అయినా ఆ బొమ్మ మేం రోజూ రాసే ఇఫ్ కండిషన్‌లాగే అనిపించింది. ఎవరు కనిపెట్టారా అని చదవడం మొదలుపెడితే, పాఠం కంటే ఆ మనిషి కథే పెద్దదిగా ఉంది.

ఆయన పేరు జాక్ మొనో. 1910 ఫిబ్రవరి 9న పారిస్‌లో పుట్టారు. తండ్రి చిత్రకారుడు, తల్లి అమెరికాలోని మిల్వాకీ నుంచి వచ్చినావిడ. పెరిగింది దక్షిణ ఫ్రాన్స్ సముద్ర తీరంలోని కాన్ పట్టణంలో. చిన్నప్పుడు పోలియో సోకి ఒక కాలు బలహీనపడింది. అయినా కొండలెక్కేవారు, పడవ నడిపేవారు, చెల్లో వాయించేవారు. సైన్సా, సంగీతమా అన్నది చాలాకాలం తేల్చుకోలేకపోయారు.

1934లో పూర్‌క్వా పా అనే నౌకలో గ్రీన్‌లాండ్ వెళ్లొచ్చారు. 1936లో మళ్లీ వెళ్లాల్సింది. అంతలో బోరిస్ ఎఫ్రుసీ అనే శాస్త్రవేత్త, జన్యుశాస్త్రం నేర్చుకుందువు రమ్మని కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు తీసుకెళ్లారు. ఆ సెప్టెంబరులో ఆ నౌక ఐస్‌లాండ్ దగ్గర తుపానులో మునిగిపోయింది. బతికి బయటపడింది ఒక్కరే. భూమ్మీద ఇంకా నూకలున్నాయి అంటారే, అలా దక్కింది మొనో ప్రాణం. కాల్‌టెక్‌లో మాత్రం ఈగల జన్యువుల మీద కంటే సంగీత బృందాలను నడిపించడం మీదే ఆయన మనసు ఎక్కువగా ఉండేదట.

1938లో ఓడెట్ బ్రూల్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఆసియా కళలపై పనిచేసేవారు. మన అమరావతి శిల్పాలు కొన్ని ఉన్నది ఆ మ్యూజియంలోనే. పారిస్ వెళ్లేవాళ్లు ఈఫిల్ టవర్‌తో సరిపెట్టకుండా అటు కూడా ఓ పూట వెళ్లిరావచ్చు.

అసలు కథ 1940 చివర్లో మొదలైంది. పారిస్ అప్పటికి జర్మన్ల చేతిలో ఉంది. సోర్బాన్‌లో మొనో, బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో గ్రాఫులు గీస్తున్నారు. గ్లూకోజ్‌ను, పాలలో ఉండే చక్కెర లాక్టోజ్‌ను కలిపి ఈ.కోలై బ్యాక్టీరియాకు పెడితే విచిత్రం కనిపించింది. కాసేపు జోరుగా పెరిగింది. ఆగిపోయింది. తర్వాత మళ్లీ పెరిగింది. విస్తట్లో బూరెలూ పులిహోరా వడ్డిస్తే, బూరెలన్నీ తినేసి, చేయి ఆపి కాసేపు కూర్చుని, అప్పుడు పులిహోర మొదలుపెట్టినట్టు! ముందు గ్లూకోజ్ మొత్తం అయిపోవాలి. లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఆ తర్వాతే తయారవుతుంది. ఆగింది అందుకే.

మరి ఆ ఎంజైమ్ తయారు చేయాలని దానికి ఎవరు చెప్పారు? మొనో ఈ ప్రశ్నను ఇరవై ఏళ్లు వదల్లేదు. 1941లో డాక్టరేట్ ఇచ్చిన సోర్బాన్ పెద్దలకు మాత్రం ఈ పని ఏమంత ఆసక్తిగా కనిపించలేదు.

ఈలోగా ఆయన రహస్యంగా జర్మన్లపై ప్రతిఘటనలో చేరారు. మాలివెర్ అన్నది మారుపేరు. ఓడెట్‌ది యూదు కుటుంబం కాబట్టి ప్రమాదం ఇంట్లోనే పొంచి ఉంది. ల్యాబ్ బయట ప్రదర్శనకు పెట్టిన జిరాఫీ అస్థిపంజరంలో, బోలుగా ఉన్న కాలి ఎముకలో రహస్య కాగితాలు దాచేవారు. పైనున్న నాయకులు ఒక్కొక్కరే పట్టుబడుతుంటే బాధ్యతలు ఈయన మీద పడ్డాయి. 1944లో పారిస్ విముక్తి నాటికి ఫ్రెంచ్ ప్రతిఘటన దళాల ఆపరేషన్ల విభాగంలో ముఖ్యుల్లో ఒకరయ్యారు.

ఆ రోజుల్లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, 1945లో బయటికొచ్చారు. తర్వాత మూడేళ్లకు సోవియట్ యూనియన్‌లో లైసెంకో మాటే చట్టమైంది. జన్యువులు బూర్జువా కట్టుకథ, పరిసరాలు నేర్పిందే వారసత్వంగా వస్తుందన్నది లైసెంకో వాదన. కాదన్న శాస్త్రవేత్తల ఉద్యోగాలు పోయాయి. అంతకుముందే, 1943లో, మహా వృక్ష శాస్త్రవేత్త వావిలోవ్ జైల్లో చనిపోయారు. ఫ్రాన్స్ కమ్యూనిస్టు పత్రికలు లైసెంకోను ఆకాశానికెత్తుతుంటే, 1948 సెప్టెంబరులో కొంబా పత్రికలో మొనో అతణ్ణి తూర్పారబట్టారు. ఆల్బెర్ కామూతో ఆయన స్నేహం కూడా ఆ కాలం నాటిదే.

ఇక్కడే నాకు ఆయన ప్రయోగానికీ ఆయన పోరాటానికీ ముడి కనిపించింది. పాలచక్కెర ఇస్తే బ్యాక్టీరియా ఎంజైమ్ తయారు చేస్తోంది. పైకి చూస్తే, పరిసరాలు దానికి పాఠం నేర్పినట్టే ఉంది కదా! లైసెంకో చెప్పేదీ దాదాపు అదే. నిజమేమిటో తేల్చాల్సిన పని మొనోది.

1945 నుంచి ఆయన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆంద్రే ల్వోఫ్ నడిపే అటక మీది ల్యాబ్‌లో ఉన్నారు. వసారా రెండో చివర ఫ్రాన్స్వా జాకబ్ బ్యాక్టీరియాను చంపే వైరస్‌లతో పనిచేస్తున్నారు. సర్జన్ కావాలనుకుని, యుద్ధంలో గాయపడి ఇటొచ్చినవాడు. 1957లో అమెరికా నుంచి ఆర్థర్ పార్డీ వచ్చి చేరారు. ముగ్గురూ కలిసి, ఎంజైమ్ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి దాన్ని తయారు చేయలేని మరోదానిలోకి వెళ్లేలా చేసి చూశారు. జన్యువు చేరిన రెండు మూడు నిమిషాల్లోనే ఎంజైమ్ పూర్తి వేగంతో మొదలైంది. కొంతసేపటికి దానంతటదే ఆగింది. అంటే కణంలో మెల్లగా పోగైన ఏదో ఒకటి ఆ జన్యువును ఆపేస్తోంది!

అదే రిప్రెసర్. డీఎన్ఏ మీద, జన్యువు మొదట్లో కూర్చుని కాపీ తీయనివ్వదు. లాక్టోజ్ లోపలికొచ్చి కాస్త రూపం మార్చుకుని రిప్రెసర్‌కు అంటుకుంటే అది పట్టు వదిలేస్తుంది. పక్కపక్కనే ఉన్న మూడు జన్యువులు ఒకేసారి పనిలోకి దిగుతాయి. చక్కెర ఏమీ నేర్పలేదు. వంటకం రాసిన కాగితం ముందునుంచీ ఇంట్లోనే ఉంది, బీరువా తాళం మాత్రమే తీసింది. రెండు కాదులు కలిస్తే ఒక అవును. మా వృత్తివాళ్లకు ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు.

మరి ఎంజైమ్ అంత వేగంగా మొదలై, అంత వేగంగా ఎలా ఆగగలిగింది? జన్యువు నుంచి ఆదేశం మోసుకెళ్లి, పని కాగానే మాయమయ్యేది ఏదో ఉండాలి. 1960లో జాకబ్, సిడ్నీ బ్రెనర్, మాథ్యూ మెసెల్సన్ కాల్‌టెక్‌లో దాన్ని పట్టుకున్నారు. కోవిడ్ టీకాల పుణ్యమా అని మనందరికీ తెలిసిన మెసెంజర్ ఆర్ఎన్ఏ అదే. బ్యాక్టీరియాలో దాని ఆయుష్షు కొన్ని నిమిషాలే. మన కణాల్లోనైతే ఆ కాపీని కత్తిరించి, అతికించి, సరిచూసి కేంద్రకం బయటికి పంపుతారు. బ్యాక్టీరియాకు కేంద్రకమూ లేదు, అంత ఓపికా లేదు. కాపీ ఒకవైపు తయారవుతుండగానే రెండోవైపు ప్రొటీన్ మొదలైపోతుంది. కోడింగ్ పూర్తికాకముందే ప్రొడక్షన్‌లో పెట్టినట్టు. మా మేనేజర్లకు బ్యాక్టీరియా నచ్చుతుంది.

1961లో మొనో, జాకబ్ ఇదంతా ఒక పెద్ద వ్యాసంగా రాశారు. 1965లో ల్వోఫ్‌తో కలిసి ముగ్గురికీ నోబెల్ వచ్చింది. మొనోకు అతుకులేని తర్కమంటే మోజు ఎక్కువ. జన్యువుల నియంత్రణంతా అడ్డుకోవడంతోనే జరుగుతుందని గట్టిగా నమ్మారు. ముందుకు నెట్టే ప్రొటీన్లు కూడా ఉంటాయని ఎలిస్ ఎంగెల్స్‌బర్గ్ అరబినోస్ అనే మరో చక్కెరతో చూపిస్తే, ఆ మాటకు ఆదరణ దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

చిత్రమేమిటంటే, అలా ముందుకు నెట్టేదే ఆయన సొంత ల్యాబ్‌లోనూ తేలింది. 1960లో హంగేరీ కమ్యూనిస్టు పాలన నుంచి ఆగ్నెస్ ఉల్మన్ అనే శాస్త్రవేత్తను, ఆమె భర్తను ఒక క్యారవాన్‌లో దాచి సరిహద్దు దాటించడానికి మొనో సాయపడ్డారు. ఆమె పాశ్చర్‌లోనే పనిలో చేరారు. గ్లూకోజ్ ఉన్నప్పుడు లాక్టోజ్ జన్యువులు మందగించడానికి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తగ్గిపోవడం ఒక కారణమని 1968లో ఉల్మన్, మొనో కలిసి చూపించారు. మిగతా కారణాలు తర్వాతివాళ్లు తేల్చారు. 1940 నాటి గ్రాఫులో బ్యాక్టీరియా ఎందుకు ఆగిందన్నదానికి అలా 28 ఏళ్ల తర్వాత మరో జవాబు దొరికింది.

1971లో అప్పుల్లో ఉన్న పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరై, ప్రయోగాలకు దూరమయ్యారు. రక్తానికి సంబంధించిన జబ్బుతో 1976 మే 31న కాన్‌లోనే కన్నుమూశారు. రెండేళ్లకు కాలిఫోర్నియాలో తొలిసారి మనిషి ఇన్సులిన్‌ను ఈ.కోలైతో తయారు చేయించారు. ఇన్సులిన్ జన్యువును తీసుకెళ్లి అతికించింది ఈ లాక్ ఆపరాన్‌కే.