నన్నయ

నన్నయ లేదా నన్నయ భట్టారకుడు (11వ శతాబ్దం) తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుని కులబ్రాహ్మణుడు, ఆస్థాన పండితుడు, కవి. సంస్కృత మహాభారతాన్ని తెలుగు చేయటానికి పూనుకున్న మొదటి కవి. తెలుగులో ఆదికవిగా, కవిత్రయంలో మొదటివాడుగా ప్రసిద్ధుడు. ఇతనికి వాగనుశాసనుడు అనే బిరుదు ఉంది.

జీవితం

నన్నయ ముద్గల గోత్రీకుడు, ఆపస్తంబ సూత్రుడు. నిత్యం జపహోమాలలో నిమగ్నుడై ఉండేవాడని, వేదాలు, పురాణాలు అభ్యసించాడని, సంస్కృతాంధ్రాలు రెండింటా కావ్యరచన చేయగలవాడని ఆదిపర్వ అవతారిక వల్ల తెలుస్తున్నది. రాజవంశపు పురోహితుడే రాజుకు కవి, పండితుడు కూడా కావటం ఇతని జీవితంలోని విశేషం.

రాజరాజ నరేంద్రుడు సవతి తమ్ముడు విజయాదిత్యునితో సింహాసనానికై పోరాడి 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. రాజధాని రాజమహేంద్రవరం. చంద్రవంశీయుడైన ఈ రాజు పాండవులను తన పూర్వీకులుగా భావించి, వారి కథను తెలుగులో రచించమని నన్నయను కోరాడు.

ఈ రచనలో నారాయణ భట్టు నన్నయకు తోడ్పడ్డాడు. భారత యుద్ధంలో అర్జునునికి కృష్ణుడు సాయపడినట్లు అతడు తనకు సాయపడ్డాడని నన్నయ కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. రాజు 1053లో నారాయణ భట్టుకు నందంపూడి అగ్రహారాన్ని దానమిచ్చాడు. ఆ దానశాసనాన్ని రచించినవాడు నన్నయే.

పూర్వపు పద్యాలు

ఆదికవి అని పేరున్నా తెలుగు పద్యం నన్నయతో పుట్టలేదు. అంతకుముందే శాసనాలలో పద్యాలు ఉన్నాయి. వాటిలో కృష్ణాతీరాన విజయవాడలో దొరికిన యుద్ధమల్లుని బెజవాడ శాసనం ఒకటి. 10వ శతాబ్దానికి చెందిన ఈ శాసనం మధ్యాక్కరలలో ఉంది. అదే ఛందస్సును నన్నయ కూడా వాడాడు. అయితే యుద్ధమల్లుడు నాలుగవ గణం మొదట యతి పాటించగా, నన్నయ ఐదవ గణం మొదట పాటించాడు. విడివిడి పద్యాలుగా ఉన్న భాషకు మహాకావ్య స్థాయి కల్పించటమే ఇతని ఘనత.

రచన

నన్నయ భారతం గద్యపద్యాలు కలిసిన చంపూ కావ్యం. మూలాన్ని మాటకు మాటగా అనువదించక, కథను ఔచిత్యంతో పెంచుతూ, కుదిస్తూ సాగాడు. ఆది, సభా పర్వాలను పూర్తిచేసి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం నడుమ ఆగిపోయాడు. సంస్కృతంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి అనే తెలుగు వ్యాకరణం ఇతనిదేనని సంప్రదాయం చెబుతున్నా, పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి.

తరువాతి కాలం

13వ శతాబ్దంలో తిక్కన అరణ్యపర్వ శేషాన్ని వదలి, విరాటపర్వం నుండి పదిహేను పర్వాలు రచించాడు. నన్నయ ఆపిన చోటును 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఒక కులపురోహితుడు రాజు కోరికపై మొదలుపెట్టిన పని ఈ విధంగా సుమారు మూడు శతాబ్దాలకు పూర్తయింది. 2006లో రాజమహేంద్రవరంలో నెలకొల్పిన విశ్వవిద్యాలయానికి ఆదికవి నన్నయ పేరు పెట్టారు.