917 బంతుల తమ్ముడు

క్రికెట్ నాయుడుగారంటే మా అమలాపురంలో ఎవరైనా సి.కె. నాయుడు పేరే చెబుతారు. 1932లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే కదా. ఆయన తమ్ముడి పేరు అడగండి, చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆ తమ్ముడే సి.ఎస్. నాయుడు, కొఠారి సుబ్బన్న నాయుడు.

వాళ్ల పూర్వీకులది బందరు. కుటుంబం నాగపూర్‌లో స్థిరపడింది. 1914 ఏప్రిల్ 18న సుబ్బన్నగారు అక్కడే పుట్టారు. అన్నకూ తమ్ముడికీ పద్దెనిమిదిన్నరేళ్ల తేడా! అన్న సిక్సర్లతో జనాన్ని ఊపేస్తే, తమ్ముడు బంతి పట్టుకున్నారు. మణికట్టు తిప్పి లెగ్‌బ్రేకులు, గూగ్లీలు వేసేవారు. నేలమీద పడ్డాక బంతి ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టినవాడికి అంతుచిక్కేది కాదు. 1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లండ్ మీద మొదటి టెస్టు ఆడేనాటికి ఆయనకి పందొమ్మిదేళ్లు. కెప్టెన్ అన్నగారే.

ఆ రోజుల్లో ఆటగాడికి సంస్థానాల ఆదరణే పెద్ద దిక్కు. అన్నగారు ఇండోర్ హోల్కర్ మహారాజు కొలువులో ఉండేవారు. తమ్ముడు బరోడాకు ఆడారు. 1942-43 రంజీ సీజనులో 40 వికెట్లు తీశారు. అంతకుముందు ఒక్క సీజనులో అన్ని తీసినవారు లేరు. తర్వాత హోల్కర్ జట్టులో అన్న దగ్గరికే చేరారు.

1945 మార్చి, బొంబాయిలో రంజీ ఫైనలు. ఇన్ని రోజులని గడువు లేదు, ఫలితం తేలేదాకా ఆడాల్సిందే. సముద్రపు ఉక్కపోత. బొంబాయివాళ్లు మొదటిసారి 462, రెండోసారి 764 పరుగులు చేశారు. అన్నగారు బంతి ఇస్తూనే ఉన్నారు, తమ్ముడు వేస్తూనే ఉన్నారు. మొదటిసారి 64.5 ఓవర్లు, రెండోసారి 88. మొత్తం 917 బంతులు! 428 పరుగులు పోయాయి, 11 వికెట్లు దక్కాయి. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచిలో అన్ని బంతులు వేసినవారు ప్రపంచంలో మరొకరు లేరు. అయినా హోల్కర్ ఓడింది. యుద్ధం కోసం సైన్యంలో మన దేశానికొచ్చిన ఇంగ్లండు ఆటగాడు కాంప్టన్ హోల్కర్ తరఫున చేసిన 249 పరుగుల గురించే ఎక్కువమంది చెప్పుకుంటారు. పెళ్లింట్లో తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే నిలబడ్డ పిన్నిగారు ఫొటోల్లో ఎక్కడ కనిపిస్తారు చెప్పండి!

టెస్టుల్లో మాత్రం అదృష్టం కలిసిరాలేదు. 11 టెస్టుల్లో రెండే రెండు వికెట్లు. ఆ ఒక్క అంకె చూసి ఆయన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఫస్ట్‌క్లాస్ ఆటలో ఆయన తీసినవి 647 మరి! తర్వాతి రోజుల్లో మన ఆంధ్రా జట్టుకీ ఆడారు. 2002 నవంబరు 22న ఇండోర్‌లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.