బైండింగ్ షాపులో దొరికిన చదువు

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గరి న్యూవింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి కమ్మరి. ఆయనకు తరచూ జబ్బు చేయడంతో ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. మైకేల్ బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు మాత్రమే. పదమూడేళ్ల వయసులో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట ఇంటింటికీ వార్తాపత్రికలు చేరవేశాడు. 1805లో అక్కడే పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందంతో చేరాడు.

పుస్తకాన్ని కుట్టి, అట్ట వేసి ఇచ్చేస్తే అతని పని అయిపోయినట్లే. కానీ మైకేల్ ఆ పుస్తకాలను చదివేవాడు. యజమాని వద్దనలేదు సరికదా, ప్రోత్సహించాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం అతణ్ణి ఎంతగానో ఆకర్షించాయి. చదివి ఊరుకోలేదు. చేతిలో ఉన్న కాసిని డబ్బులతో సామాను కొని, చిన్న చిన్న ప్రయోగాలు చేసి, పుస్తకంలో ఉన్నది నిజమో కాదో తానే సరిచూసుకున్నాడు. నోట్సు రాసుకోవడం కూడా అలవాటు చేసుకున్నాడు.

1812లో షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి అతనికి హంఫ్రీ డేవీ ఉపన్యాసాల టిక్కెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, వాటిని సుమారు 300 పేజీలుగా రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది.

ఇంగ్లీషు మాతృభాషే అయినా స్పెల్లింగులో, విరామచిహ్నాలలో అతనికి తప్పులు దొర్లేవి. అందుకు సిగ్గుపడకుండా ఎడ్వర్డ్ మగ్రాత్ అనే స్నేహితుడి దగ్గర ఏళ్ల తరబడి పాఠాలు చెప్పించుకున్నాడు.

1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. నేటి జనరేటర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు అదే ఆధారం. పిల్లల కోసం ఎన్నో ఏళ్లు క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చాడు. వాటిలో కొవ్వొత్తి మీద చెప్పినవి పుస్తకంగా వచ్చి, నేటికీ చదవబడుతున్నాయి. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

విద్యార్థులారా! అమ్మానాన్నల బదిలీతో మీ బడి మారుతుంది, టీచర్లు మారతారు. ఇంగ్లీషు పుస్తకం తెరిచినప్పుడు పక్కన అర్థం చెప్పేవారు ఒక్కోసారి ఉండరు. అప్పుడు పుస్తకం మూసేయకండి. తెలిసినంత చదవండి, తెలియనిది రాసుకోండి, చదివినదాన్ని సరిచూసుకోండి, ఆపైన అడగండి. బైండింగ్ షాపులో ఫారడే చేసింది అదే.